గంట మోగితే ఆగే చేతులు

బద్రుద్దీన్‌కు పియానో అబ్బింది అరవై రెండో ఏట. అదీ ఎడమ చేతికి ముందు, కుడి చేతికి చాలా తర్వాత.

ఆ ఎడమ చెయ్యి ముప్పై ఒక్క సంవత్సరాలు బొగ్గుబాయి మీద హాలేజి ఇంజను బ్రేకు పట్టుకున్న చెయ్యి. గోదావరిఖనిలో హాలేజి అంటే బడిపిల్లలకు కూడా తెలుసు. భూమిలోకి వాలుగా దిగిపోయే పట్టాల మీద, ఉక్కుతాడుతో చక్రాలున్న బొగ్గు టబ్బులను పైకి లాగడం, ఖాళీవాటిని కిందికి వదలడం. ఇంజను గదిలో కూర్చున్న మనిషికి టబ్బులు కనిపించవు. వాటి పక్కన నడిచే మనుషులూ కనిపించరు. చీకట్లోకి పోయే తాడు కనిపిస్తుంది, గోడ మీద గంట కనిపిస్తుంది. లోపల ఎక్కడో ఎవరో తీగ గుంజితే ఆ గంట మోగుతుంది. ఇన్నిసార్లు మోగితే లాగాలి, ఇన్నిసార్లు మోగితే దించాలి. ఒక్కసారే మోగితే ఆపాలి. ఎందుకని అడగకూడదు. చెవికీ చేతికీ మధ్యలోకి మనసు రాకూడదు.

ఒక రోజు అలా మనసు వచ్చిందేమోనన్న అనుమానంతో ఆయన పందొమ్మిదేళ్లు బతికాడు. ఆ సంగతి భార్య కుబ్రా బేగంకు తప్ప ఎవరికీ తెలియదు.

అది రెండువేల ఆరు, ముసురు పట్టిన ఆగస్టు. అప్పట్లో ఆయన బెంజో వాయించేవాడు. టైపు మిషనులా మీటలుండే తీగల వాద్యం అది. దర్గాల్లో ఉర్సులప్పుడు, పెళ్లిళ్లలో కవ్వాలి పాడే ఒక జట్టు వెనక కూర్చునేవాడు. ఆ రోజు మొదటి షిఫ్టు చివర, నిండు టబ్బులు నిదానంగా పైకి వస్తుండగా, ఆయన కుడిచేతి వేళ్లు ముందున్న రేకుబల్ల మీద ఒక కొత్త పాట వెతుక్కుంటున్నాయి. గంట ఒక్కసారి మోగింది. ఆపాడు. తాడు వణికి నిలబడింది. కింద పోశం అనే ట్రామరు, అంటే టబ్బులను ఒకదానికొకటి తగిలించి పంపే కార్మికుడు, ఎడమ కాలు నలిగి పట్టాల మీద పడి ఉన్నాడు. మడమ పైదాకా తీసేయవలసి వచ్చింది.

విచారణలో అడిగారు, గంట వినగానే ఆపావా అని. వెంటనే ఆపానని చెప్పాడు. ఆ మాట కాగితం మీద ఎక్కింది, కింద ఆయన సంతకం పడింది. కానీ ఆ 'వెంటనే'లో ఒక సందు ఉందని ఆయనకు తోచేది. వేళ్లు బల్ల మీంచి లేచేంత సందు. తాళంలో ఒక మాత్ర కాదు, అరమాత్ర. టబ్బు ఒక అడుగు కదలడానికి అది చాలు. దవాఖానకు చూడబోతే పోశం ఆయన్ను చూసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అంతకంటే జవాబు ఏముంటుందని బద్రుద్దీన్ తిరిగి వచ్చాడు. కవ్వాలి జట్టుకు ఇక రానని కబురు పెట్టాడు. ఆ తర్వాత పోశంకు బాయి పైన కూర్చుని చేసే పని ఇచ్చారు, సెంటినరీ కాలనీలో క్వార్టరిచ్చారు. ఎప్పుడైనా కూరగాయల మార్కెట్లో ఎదురుపడితే ఇద్దరూ వంకాయల మీదికి వంగేవారు.

*

కీబోర్డు తెచ్చింది కూతురు ఇల్మా. రామగుండంలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో టీచరు ఆమె. స్కూలువాళ్లు కొత్తది కొని పాతదాన్ని మూల పడేస్తుంటే, ఆటో ఎక్కించి ఇంటికి తీసుకొచ్చింది. రెండు మెట్లు పలకవు. దాన్ని తల్లి కుట్టుమిషను మీద పెట్టి, ఫోనులో పాఠాలు చూస్తూ నేర్చుకుందామని కూర్చుంది. మే నెల. బయట ఎండ తెల్లగా మరుగుతోంది. కూలరు ముందు చాప మీద బద్రుద్దీన్ కళ్లు మూసుకుని పడుకున్నాడు.

ఫోనులోంచి ఒక చప్పుడు వచ్చింది. ఒక ముసలి నల్లజాతి మనిషి, నదీ తీరంలో ఓడలు ఆగే ఏదో ఊళ్లో, నోరంతా తెరిచి నవ్వుతూ పియానో వాయిస్తున్నాడు. కుడిచెయ్యి పైన పిట్టలా దూకుతోంది. కింద ఎడమచెయ్యి బరువుగా, గుండ్రంగా, ఆగకుండా దొర్లుతోంది.

బద్రుద్దీన్ కళ్లు తెరవకుండానే అడిగాడు. "ఎవరు బేటీ, ఇంజను నడిపేది?"

ఇంట్లో వాళ్లది దక్కనీ ఉర్దూ. అయినా ఈ పాఠాల దగ్గరికి వచ్చేసరికి తండ్రీకూతుళ్లు తెలుగులోకి జారిపోయేవారు. ఆయనకు తెలిసిన యంత్రాల మాటలన్నీ తెలుగులోనే ఉన్నాయి.

"ఇంజను కాదు అబ్బా. న్యూ ఆర్లియన్స్ అని అమెరికల ఒక ఊరు. ఆ ఊరోళ్ల పియానో గిట్లనే ఉంటదంట. బ్లూస్ అంటరు. దాన్నే జర కారం ఎక్కువేసి వాయిస్తె ఫంక్ అంట."

"మళ్ల పెట్టు."

మళ్లీ పెట్టింది. ఆయన లేచి కూర్చుని ఎడమచెయ్యి గాలిలో ఆడించాడు. మూడు, మూడు, రెండు. బరువు ఎక్కించుకున్న తాడు మొదట ఒకసారి, కొంచెం ఆగి ఒకసారి, ఆ తర్వాత జల్ది ఒకసారి మూలుగుతుంది చూడండి, సరిగ్గా అది. నాలుగు రోజుల్లో ఇల్మాకు రాని ఎడమచెయ్యి ఆయనకు ఒక్క మధ్యాహ్నంలో వచ్చేసింది. ఆమె కుట్టుమిషను ముందునుంచి లేచి కుర్చీ ఆయనకిచ్చింది.

ఆ వేసవంతా ఆయన ఆ దేశపు ఊళ్లను ఎడమచేతితో తిరిగాడు. ఊరికొక ఎడమచెయ్యి ఉంటుందని తెలుసుకున్నాడు. టెక్సాస్ అడవుల్లో కలప కొట్టే కూలీల గుడిసెల దగ్గర పుట్టినదేమో రైలు పట్టాల మీద పరుగెత్తినట్టు ఉంటుంది. చికాగోది నిద్రలేని కార్మికుడు డ్యూటీ దిగి నడిచినట్టు ఉంటుంది, కాళ్లు ఈడుస్తూ. న్యూ ఆర్లియన్స్‌దానికి మాత్రం నడుము ఉంది. ఏడుస్తూనే నడుము తిప్పుతుంది. ఆయనకు ఇది వింతగా అనిపించలేదు. ఉద్యోగం మొదట్లో బెల్లంపల్లిలో పనిచేశాడు. అక్కడి తాడు మూలుగు వేరు, ఇక్కడి తాడు మూలుగు వేరు. రాయి మారితే పాట మారుతుంది.

ఆ పాటలకు పన్నెండు గదులుంటాయని ఇల్మా కాగితం మీద గీసి చూపిస్తే, గదులన్న మాట తీసేసి టబ్బులని రాసుకున్నాడు. మొదటి నాలుగు టబ్బులు ఇంటి స్వరం. తర్వాత రెండు పై స్వరం. మళ్లీ రెండు ఇల్లు. తొమ్మిదో టబ్బు అన్నిటికంటే బరువు, వాలు ఎక్కే టబ్బు. పదోది దిగుతుంది. చివరి రెండూ ఇంటికొచ్చి ఆగుతాయి. "పన్నెండు టబ్బుల వరస" అనేవాడు దాన్ని. కుబ్రా బేగం వంటింట్లోంచి, "ఆ టబ్బులు ఖాళీ చేసి వస్తె రొట్టె తినొచ్చు" అనేది.

చిక్కంతా కుడిచేతి దగ్గర వచ్చింది.

"మాత్ర మీద పడొద్దంట అబ్బా" అంది ఇల్మా, వీడియోలో మాస్టారు చెప్పింది విని. "మాత్ర పోనియ్యాలంట. పోయినంక, కొంచెం ఆగి, దాని వెనుక రావాలంట."

"కొంచెం అంటె ఎంత?"

"అది చెప్తలేడు. కడుపునిండ తిన్నోడు నడిచినట్టు అంటుండు."

"లేటుగ రమ్మంటుండు."

"ఆఁ, కావాలని లేటుగ."

బద్రుద్దీన్ చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ఎన్నోసార్లు ప్రయత్నించాడు. కుడిచెయ్యి మాత్ర మీద మేకులా దిగేది. వెనక రమ్మంటే భయపడేది. ఆ అరమాత్ర సందులోకి అడుగుపెట్టగానే ఆయనకు రేకుబల్ల కనిపించేది, తాడు వణుకు కనిపించేది. పాట అక్కడ తెగిపోయేది. ఎడమచెయ్యి ఒక్కటే వాయించుకుంటూ ఆయన వానాకాలం దాటించాడు.

*

జనవరిలో ఇల్మా ఒక సంగతి మోసుకొచ్చింది. ఫిబ్రవరిలో స్కూలు వార్షికోత్సవం. ఒకటో తరగతి పిల్లలతో గొడుగుల ఊరేగింపు చేయిస్తుందట. ఆ నదీ తీరపు ఊళ్లో అలాగే చేస్తారట, బాజాల వెనక రంగుగొడుగులు ఊపుతూ వీధుల్లో నడుస్తారట. రికార్డు పెడితే బాగుండదు, నాన్నే వాయించాలి.

"నాకు కుడిచెయ్యి రాలే ఇంక."

"ఎడమదే చాలు. తాళానికి సహస్ర వాళ్ల బాపు వస్తుండు. భజనలల్ల గంట, డప్పు రెండు కొడతడంట. నా దోస్తు సహస్ర లేదా, సెంటినరీ కాలనీ. వాళ్ల బాపు పేరు పోశం. ఆయన గూడ బాయిల చేసినోడే, నీకు ఎర్కనేమో."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది.

ఇల్మా అటు వెళ్లాక కుబ్రా బేగం వచ్చి ఎదురుగా నిలబడింది. "నక్కో, వద్దు అంటారా ఏంది? నేను ఊకోను. పందొమ్మిది ఏండ్లు నా తలగడ పక్కన పన్నది ఆ అనుమానం. దానికి నేను దుప్పటి గూడ కప్పిన. ఇగ పోయి అడుగుండ్రి."

"ఆయన అవునంటె?"

"అవునంటె అవును. అప్పుడు మాఫీ అడుగుతరు. ఏదో ఒకటి అయితది గద."

అవునంటే తన చేతులు ఇక దేని మీదా పెట్టలేడు. అది ఆయనకు తెలుసు. ఆమెకూ తెలుసు. అందుకే ఇద్దరూ ఆ మాట అనుకోలేదు.

ఆదివారం పొద్దున స్కూలు హాల్లో బల్లలన్నీ గోడకు జరిపి ఉన్నాయి. కిటికీల్లోంచి కరెంటు ప్లాంటు చిమ్నీలు కనిపిస్తున్నాయి, వాటి పొగ ఎటు పోవాలో తేల్చుకోలేనట్టు నిలబడి ఉంది. పోశం కూతురు సహస్రతో ముందే వచ్చి కూర్చున్నాడు. జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది. జైపూర్ పెట్టుడుకాలు మీద ప్యాంటు మడత చెదరకుండా లాక్కున్నాడు. చేతిలో ఒక ఎద్దుమెడ గంట, దాన్ని కొట్టడానికి ఒక ఇనుపచువ్వ ముక్క.

"సలాం భాయ్" అన్నాడు కిటికీవైపు చూస్తూ.

"సలాం పోశం. మంచిగున్నవా?" అన్నాడు బద్రుద్దీన్ కీబోర్డువైపు చూస్తూ.

"ఉన్న."

వంకాయలు లేవు కాబట్టి ఇద్దరికీ చూపులు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఇల్మా ఫోనులో పాట వినిపించి, గంట ఎక్కడ పడాలో చెప్పింది. ప్రతి నాలుగు టబ్బులకు మొదట, ఒక్క దెబ్బ. ఖంగుమనాలి. సహస్ర చేత్తో తాళం వేసి చూపింది. బద్రుద్దీన్ ఎడమచెయ్యి దొర్లడం మొదలుపెట్టింది. హాలు నేల కింద ఏదో బరువు కదిలినట్టయింది. పోశం తల ఆడించాడు, ఒళ్లు కుదుర్చుకున్నాడు, గంట ఎత్తాడు. ఖంగుమంది.

బద్రుద్దీన్ చేతులు మెట్ల మీంచి లేచి గాలిలో నిలబడ్డాయి.

"ఏమైంది అబ్బా?"

"ఏం లే. మళ్ల."

మళ్లీ దొర్లింది. మళ్లీ ఖంగుమంది. మళ్లీ చేతులు లేచాయి. మూడోసారీ అంతే. సహస్ర నవ్వు ఆపుకుంటూ, "అంకుల్, గంట కొడితె ఆపుడు కాదు, గంట కొడితె ఇంక గట్టిగ వాయించుడు" అంది.

"తెలుసు బిడ్డా. చేతులకు తెలుస్తలేదు."

నాలుగోసారి పోశం గంట కొట్టలేదు. దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. "సహస్రా, మీరిద్దరు పోయి చాయ్ తీసుకరాండ్రి. సమోసలు గూడ."

"ఇద్దరెందుకు బాపూ?"

"చాయ్ ఒకలు పట్టుకోండ్రి, సమోసలు ఒకలు పట్టుకోండ్రి. ఎదురుమాట్లాడుడు మీ స్కూల్లనే నేర్పుతరా?"

అమ్మాయిలు వెళ్లారు. వాళ్ల చెప్పుల చప్పుడు మెట్లు దిగి పోయేదాకా ఇద్దరూ విన్నారు.

"ఒక్క గంటకు ఆగుతున్నవు" అన్నాడు పోశం.

"ఊఁ."

"కొలువు దిగి రెండేండ్లాయె గద భాయ్."

"పోశం, నిన్నొకటి అడుగాలె. చానా ఏండ్ల సంది అడుగాలె."

"నాకు గూడ ఒకటి చెప్పేది ఉన్నది. పెద్దోనివి, ముందు నువ్వే అడుగు."

బద్రుద్దీన్ అరచేతులు మోకాళ్ల మీద బోర్లించాడు. "ఆ రోజు నేను లేటు చేసిన్నా?"

"ఏంది లేటు?"

"గంటకు. నా వేళ్లు పాట మీద ఉండె పోశం. గంట మోగినంక బ్రేకు పడేదాక జర సందు వచ్చింది. ఆ సందులనే నీ కాలు పోయిందని... నువ్వు దవాఖానల మొఖం తిప్పుకున్నవు. నాకు అప్పుడే సమజైంది."

పోశం ఆయన్ను చూశాడు. చూపులో కోపం లేదు. ఎవరో తనకు తెలియని భాషలో మాట్లాడితే అర్థం చేసుకోవడానికి కష్టపడే మనిషి చూపు అది.

"కాలు పోయినంకనే గద భాయ్ గంట మోగింది" అన్నాడు.

హాల్లో ఫ్యాను తిరుగుతోంది. దాని నీడ నేల మీద ఒకే చోట పదేపదే పడుతోంది.

"నేను ఆ టైంల టబ్బులు తగిలిస్తలేను. టబ్బు మీద ఎక్కి వస్తున్న."

బద్రుద్దీన్ తలెత్తాడు. టబ్బుల మీద ఎక్కి రావడం తప్పు. ఎక్కకూడదని బాయి నోటి దగ్గర బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. షిఫ్టు అయ్యాక కిలోమీటరు వాలు ఎక్కి రావాలి, మోకాళ్లు మొరాయిస్తాయి, ఎవరూ చూడకపోతే అందరూ ఎక్కేవారు.

"ఏడాది దినాల సంది రోజు ఎక్కుడే. ఆ రోజు కాలు బయటికి ఏలాడేసి కూసున్న. మలుపు కాడ దిమ్మె తాకింది. నేను ఒర్రిన. వెనుకనుంచి మా జట్టు ట్రామరు రాజం నడుసుకుంట వస్తున్నడు, వాడు ఉరికి తీగ గుంజిండు. వాడు గుంజుడు, నువ్వు ఆపుడు ఒక్కటే. నడుమల ఊపిరి పీల్సుకునే సందు గూడ లేదు. నాకెట్ల ఎర్క అంటవా? నేను పట్టా మీద పన్న. వెనుక టబ్బు చక్రం నా నడుముకు జానెడు దూరంల నిలవడ్డది." చెయ్యి చాపి బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య దూరం చూపించాడు. "గింత. దాన్ని చూసుకుంటనే పన్న, స్ట్రెచరు వచ్చేదాక. నువ్వు లేటు చేస్తె ఇప్పుడు గంట కొట్టేటందుకు నేనెక్కడున్న?"

బద్రుద్దీన్ ఆ జానెడు దూరాన్ని చూశాడు. పోశం చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. ఎండలో ఆ వేళ్ల సందులోంచి ధూళి నెమ్మదిగా ప్రవహిస్తోంది.

"మరి మొఖం ఎందుకు తిప్పుకున్నవు?"

"భయంతోని." పోశం చెయ్యి దించాడు. "తగిలిస్తుంటె కాలు జారిందని రాజం, నేను ఒక్క మాట అనుకున్నం. ఎక్కి వచ్చిన అంటె కొలువుంటదో ఉండదో. అప్పటికి సహస్ర ఆరేండ్లది. హాలేజి ఆపరేటరుకు తాడు పట్టుకుంటె టబ్బు మీద పిల్లి ఎక్కినా తెలుస్తదని మా ట్రామర్లందరు అనేటోళ్లు. నీకు తెల్వకుంట ఉంటదా అనుకున్న. తెలిసి గూడ విచారణల చెప్పలేదు, నా కొలువు నిలవెట్టినవు అనుకున్న. నీ మొఖం ఎట్ల చూడాలె?"

"పిల్లి ఎక్కితె తెలుస్తదా?"

"అందరు అనేటోళ్లు."

"పది టన్నుల బొగ్గు పోశం. దాంట్ల నువ్వెంత? అప్పుడు ఇంకింత బక్కగ ఉంటివి."

పోశం ముందు నవ్వలేదు. తర్వాత అతని భుజాలు కదిలాయి. తర్వాత గంట ఒళ్లోంచి జారి నేల మీద దొర్లింది, అడ్డదిడ్డంగా మోగుతూ. ఇద్దరు పెద్దమనుషులు, ఒకాయన కీబోర్డు మీదికి వంగి, ఒకాయన కుర్చీ చేతిని పట్టుకుని, నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియకుండా ఉన్న సమయంలో కూతుళ్లు చాయ్, సమోసలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"ఏమైంది అంకుల్?" అంది సహస్ర.

"మీ బాపు బరువు గురించి మాట్లాడుతున్నం" అన్నాడు బద్రుద్దీన్.

ఆయన మూడు సమోసలు తిన్నాడు. నాలుగోదాన్ని పోశం సగం చేసి ఇచ్చాడు. అంత ఆకలి తనకు ఎప్పటి నుంచి ఉందో ఆయనకు తెలియలేదు.

ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చి కుబ్రా బేగంకు అంతా చెప్పాడు. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ వింది. అయిపోయాక చాట పక్కన పెట్టింది. "ఒక్క మాట. ఇద్దర్ల ఎవరన్న ఒక్క మాట అడిగితె అయిపోతుండె. మొగోళ్లకు అల్లా నోరెందుకిచ్చిండో, ఉత్తగ రొట్టె తినేటందుకేనా?" అని, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆయన చాప మీద వాలాడు. సాయంత్రపు అసర్ నమాజు అజాన్ వినిపించినా లేవలేదు. ఆమె లేపలేదు. ఆ రోజు ఆయన నిద్ర నీళ్లు నిండిన పాత క్వారీలా ఉంది, అడుగున ఏ యంత్రమూ కదలని నిద్ర.

*

అయితే నిజం చెవిలోకి పోయినంత తొందరగా చేతుల్లోకి పోదు. మరుసటి ఆదివారం గంట ఖంగుమనగానే ఆయన చేతులు మళ్లీ లేచాయి.

"ఇంకేంది భాయ్, చెప్పిన గద" అన్నాడు పోశం.

"నాకు చెప్పినవు. వీటికి చెప్పలే."

పోశం రకరకాలుగా ప్రయత్నించాడు. మెల్లగా కొట్టాడు. గుడ్డ చుట్టి కొట్టాడు. గంట వదిలేసి డప్పు పట్టుకుంటే బద్రుద్దీన్ ఆగకుండా పన్నెండు టబ్బులూ లాగేశాడు గానీ, పాటలో మెరుపు పోయిందని ఇల్మా ఒప్పుకోలేదు. చివరికి ఆమే ఫోనులో వెతికి ఒక వీడియో పట్టుకొచ్చింది. ఆ నదీ తీరపు ఊరివాళ్లు కూడా పాట మధ్యలో ఆగుతారట. బాజాలు, డోళ్లు, పియానో, అందరూ ఒక్క దెబ్బకు ఆగిపోయి, ఆ ఖాళీలో కాసేపు నిలబడి, మళ్లీ అందుకుంటారట. తప్పు కాదు. అది వాళ్ల పద్ధతే.

"అయితె నేను సరిగ్గనే వాయిస్తున్న" అన్నాడు బద్రుద్దీన్.

"ఒక్కసారికే అబ్బా. నాలుగు టబ్బులకొకసారి ఆగితె పిల్లలు ఇంటికి పోతరు."

అలా ఒప్పందం కుదిరింది. పాటంతా డప్పు. రెండో వరస చివర మాత్రం గంట, ఒక్కటే దెబ్బ. అప్పుడు అందరూ ఆగాలి, పిల్లలు గొడుగులతో సహా. ఎంతసేపు ఆగాలో లెక్క పెడదామని సహస్ర అంది. నాలుగు అంకెలా, ఎనిమిదా? బద్రుద్దీన్ తల అడ్డంగా ఊపాడు. ఆపడానికైతే గంట ఉంది. మొదలుపెట్టడానికి ఎవరి గంటా వద్దు. అప్పటికి చూద్దాం.

ఆ మూడు వారాల్లోనే ఆయన కుడిచెయ్యి కూడా కదిలింది. ఎప్పుడు కదిలిందో ఆయన గమనించలేదు. ఒక పొద్దున ఇల్మా టిఫిన్ డబ్బా సర్దుకుంటూ ఆగిపోయింది. "అబ్బా, మాత్ర వెనుక వస్తున్నవు" అంది. ఆయన వాయిస్తూనే విన్నాడు. నిజమే, ఎడమచెయ్యి ముందు పోతోంది, కుడిచెయ్యి ఒక చెట్టునీడలో ఆగి, చెమట తుడుచుకుని, వెనక వస్తోంది. ఆ అరమాత్ర సందు లోపల ఎవరూ పడి లేరు. చల్లగా ఉంది.

వార్షికోత్సవం రోజు సాయంత్రం షామియానా కింద తల్లిదండ్రులు నిండిపోయారు. మొదటి వరసలో కుబ్రా బేగం. ఇరవై నాలుగు మంది పిల్లలు రంగుగొడుగులు పట్టుకుని రెండు పక్కల నుంచి వచ్చారు. ఒకడి గొడుగు తెరుచుకోలేదు, మూసిన గొడుగుతోనే నడిచాడు. బద్రుద్దీన్ ఎడమచెయ్యి దొర్లింది, పోశం డప్పు దాని నడుము పట్టుకుంది. రెండు మెట్లు పలకవని ఎవరికీ తెలియలేదు. మొదటి వరస అయింది. రెండో వరసలో తొమ్మిదో టబ్బు వాలు ఎక్కింది, పదోది దిగింది. పోశం డప్పు వదిలి గంట ఎత్తాడు. ఎత్తి, ఒకసారి బద్రుద్దీన్‌ను చూశాడు.

ఖంగుమంది.

చేతులు లేచాయి. పిల్లలు ఎక్కడివాళ్లక్కడ నిలబడ్డారు, గొడుగులు గాలిలో. మైకు గుయ్‌మంటోంది. ఎక్కడో ఒక పసిపిల్ల తుమ్మింది. కుబ్రా బేగం కరెంటు పోయిందనుకుని పైన లైట్లవైపు చూసింది. దూరంగా రామగుండం స్టేషన్లో ఒక గూడ్సు బండి కూత వేసి ఊరుకుంది. పోశం కళ్లతోనే అడిగాడు, చాలు కదా అని. పక్క తెర వెనక ఇల్మా వేళ్లు కొరుక్కుంటోంది.

బద్రుద్దీన్ చేతులు గాలిలో హాయిగా ఉన్నాయి. వాటిని ఆయన కాసేపు చూశాడు.

మూసిన గొడుగు పట్టుకున్న పిల్లవాడు ఇక ఆగలేక కిచకిచ నవ్వాడు. వాడి పక్కనున్న పిల్ల నవ్వింది. ఎవరూ చెప్పకుండానే ఒక గొడుగు కదిలింది, దాని వెనక ఇంకొకటి. పిల్లలు నడిచేస్తున్నారు. వాళ్లు రెండడుగులు పోయేదాకా పోనిచ్చి, అప్పుడు, వాళ్ల వెనకగా, ఆయన వాయించడం మొదలుపెట్టాడు.

"గింత సేపా భాయ్?" అన్నాడు పోశం, డప్పు మీద చెయ్యి వేస్తూ.

"తొందరేమున్నది" అన్నాడు బద్రుద్దీన్.